ఊరి పేర్లు, వేల్పు పేర్లు: హాజరుపట్టీలో దాగిన చరిత్ర

మన బడి హాజరుపట్టీలో ఇంటిపేరుకు దక్కిన చోటు ఒక్క అక్షరం. కె. వెంకటేశ్వర్లు, ఎస్. రామయ్య, టి. నాగమణి. ఆ ‘కె’ వెనుక కొల్లూరి ఉండొచ్చు, కంచర్ల ఉండొచ్చు, కొండపల్లి ఉండొచ్చు. కుంజా, కారం, కొమరం, కాక కూడా ఉండొచ్చు. పిలిచే మాస్టారికి పని తొందరగా అయిపోయేది. కానీ కృష్ణా డెల్టా నుంచి పొలం కోసం వచ్చిన రైతు బిడ్డ, దమ్మపేట అడవి అంచు గూడెం నుంచి నడిచి వచ్చిన కోయ బిడ్డ ఆ పొడి అక్షరం దగ్గర ఒక్కటైపోయేవారు. వాళ్లిద్దరి ఇంటిపేర్లు పుట్టిన తీరు వేరు, నడిచి వచ్చిన దారులు వేరు. సావనీర్‌కు ఏదైనా రాయమని మన సంఘం అడిగినప్పుడు ఈ సంగతే రాయాలనిపించింది. నేను చదివింది ఇంజినీరింగు, చరిత్ర కాదు. అయితే యంత్రం విప్పి చూసే అలవాటు పేర్ల మీద కూడా పనిచేస్తుంది.

ఇంగ్లండులో ఇదొక పెద్ద వ్యాపకం. ఒకే ఒక్క అరుదైన ఇంటిపేరును పట్టుకుని, ఆ పేరున్నవాళ్లు ఎక్కడ పుట్టారు, ఏ ఊళ్లకు పోయారు అని జీవితమంతా వెతికేవాళ్లు ఉన్నారు. 1979లో వాళ్లు ఏకంగా ఒక గిల్డే పెట్టుకున్నారు. వాళ్లకో సౌకర్యం ఉంది. 1538 నుంచి చర్చిల్లో పెళ్లి, బాప్తిస్మం, చావు వివరాలు రాసిపెట్టడం మొదలైంది. 2000లో బ్రయన్ సైక్స్ అనే జన్యుశాస్త్రవేత్త తన ఇంటిపేరే ఉన్న 48 మంది మగవాళ్ల వై క్రోమోజోమును పరీక్షిస్తే, దాదాపు సగం మందిలో ఒకే రకం కనిపించింది. అంటే ఎప్పుడో యార్క్‌షైర్‌లో ఒక వాగు పక్కన బతికిన ఒకే మనిషి సంతతి అయి ఉండవచ్చన్నమాట. సైక్స్ అన్న మాటకు వాగు అనే అర్థం.

మన పేర్లకు ఆ లెక్క సరిపోదు. ఎందుకో చెప్పాలంటే ముందు చిన్నప్పటి తెలుగు వ్యాకరణం ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఇల్లు, ఇంటి. ఏరు, ఏటి. నోరు, నోటి. ‘యొక్క’ అని వేరే మాట పెట్టకుండా పదం చివర మార్చి సంబంధం చెప్పడం తెలుగు పద్ధతి. ఔపవిభక్తికాలని మాస్టారు బట్టీ పట్టించింది దీన్నే. ‘ఇంటిపేరు’ అన్న మాటలోనే ఆ మార్పు ఉంది. ఇప్పుడు మన ఇంటిపేర్లు చూడండి. వేమూరు నుంచి వచ్చినవాడు వేమూరి. కొల్లూరు వాడు కొల్లూరి. నందమూరు వాడు నందమూరి. ముప్పవరం వాడు ముప్పవరపు. పాడు చివరనున్న ఊరివాడు ‘పాటి’ అవుతాడు, వీడు చివరనున్న ఊరివాడు ‘వీటి’. నాయుడు అన్న బిరుదే నాయని అయి, అరిగి ‘నేని’గా నిలిచింది. అంటే ఈ పేర్లు నామవాచకాలు కావు, సగం వాక్యాలు. ‘ఫలానా ఊరి’ అని మొదలై ‘వెంకయ్య’ దగ్గర పూర్తవుతాయి. మన ఇంటిపేరు ముందుండి అసలు పేరు వెనక రావడానికి కారణం ఇదే. ‘వెంకయ్య వేమూరి’ అంటే తెలుగు చెవికి ఎందుకు ఎబ్బెట్టుగా ఉంటుందో కూడా ఇందులోనే తెలుస్తుంది.

ఇంకో చిత్రం ఉంది. ఏ ఊరి పేరు ఇంటిపేరైందో ఆ ఊళ్లో ఆ ఇంటిపేరుతో పని ఉండదు. సత్తుపల్లిలో ఉన్నవాడిని ‘సత్తుపల్లి రామారావు’ అని ఎవరూ పిలవరు. అందరిదీ సత్తుపల్లే కదా. వాడు ఊరు విడిచి మరో ఊరిలో దిగినప్పుడు, అక్కడ ఇంకో రామారావు ఉన్నప్పుడు, ‘ఆ సత్తుపల్లి రామారావు’ అంటారు. కాబట్టి ఊరి పేరు ఇంటిపేరుగా మోస్తున్న ప్రతి కుటుంబం ఒకప్పుడు వలస వచ్చిన కుటుంబమే. పాములపర్తి వెంకట నరసింహారావు గారి ఊరు వంగర. ఆయన పూర్వులు ఎక్కడి నుంచి కదిలారో ఇంటిపేరు చెబుతూనే ఉంది, పాములపర్తి అనే ఊరు ఇప్పటికీ ఉంది. దేశం మాత్రం ఆయన్ని ‘పి.వి.’ అంది. ఎన్.టి.ఆర్. లో ‘ఎన్’ నందమూరు అని ఎంతమందికి తడుతుంది? మన హాజరుపట్టీ చేసిన పనే పత్రికలూ చేశాయి.

ఈ పద్ధతి పాతదే. రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి శాసనం 1213 నాటిది. రేచర్ల, మల్యాల, గోన, విరియాల, చెరకు అంటూ కాకతీయుల సామంత వంశాలన్నీ ఇంటిపేర్లతోనే చరిత్రకెక్కాయి. పాలకుర్తి నుంచి పాల్కురికి సోమనాథుడు, దానికి దగ్గర్లోనే ఉన్న బమ్మెర నుంచి పోతన. అప్పట్లో ఇంటిపేరు దొరలకు, కవులకు, పండితులకు చేరింది. పొలం దున్నేవాడి దాకా, చెప్పులు కుట్టేవాడి దాకా కాగితం మీద చేరడానికి రెవెన్యూ లెక్కలు, బళ్లు రావలసి వచ్చింది.

అందుకే మన దగ్గర ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లంతా ఒకే తాత బిడ్డలు కారు. వేమూరు నుంచి బయల్దేరిన బ్రాహ్మడూ వేమూరే, కమ్మాయనా వేమూరే. పెళ్లి సంబంధం చూసేటప్పుడు ఇంటిపేరుతోపాటు గోత్రం కూడా అడిగేది ఇందుకే. వృత్తి చెప్పే పేర్లను చూసి కులం చెప్పబోవడం కూడా ప్రమాదమే. మన జిల్లా నేలకొండపల్లిలో పుట్టి, తానాషా కాలంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారై, భద్రాద్రి గుడి కట్టించిన రామదాసు గారి ఇంటిపేరు కంచర్ల. ఆయన కంచు పని చేసేవారి బిడ్డ కాదు, బ్రాహ్మణుడు. కంచరుల పేరు ముందు ఊరికి వచ్చి, ఊరి నుంచి ఇంటికి వచ్చిందని నా ఊహ. ఆ మాటకొస్తే ఆయన ఇంటిపేరే జనం మరిచిపోయారు. కంచర్ల గోపన్న అంటే ఒక్క క్షణం ఆగి గుర్తు తెచ్చుకోవాలి.

ఇక్కడిదాకా మైదానం కథ. సత్తుపల్లి దాటి అశ్వారావుపేట వైపు తిరిగితే వ్యాకరణం మారుతుంది.

1922లో మన్యంలో మొదలైన తిరుగుబాటులో రెండు పేర్లు పక్కపక్కన వినిపిస్తాయి: అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర. అల్లూరు అన్న ఊరు అల్లూరి అయింది. గాం మాత్రం గాం గానే ఉంది. అంతకు ముందు 1879–80 రంప పితూరీలో కారం తమ్మన్నదొర. తెలుగు లెక్కన అయితే వరం ‘వరపు’ అయినట్టు కారం ‘కారపు’ కావాలి. కాలేదు. సున్నం ‘సున్నపు’ కాలేదు, పాయం ‘పాయపు’ కాలేదు, తెల్లం, సోయం, మిడియం ఏదీ మారలేదు. ఇవి తెలుగు అచ్చులో పోసిన పేర్లు కావు, ఊరి పేర్లు అంతకన్నా కావు. తెలుగువాడి చెవికి కారం అంటే మిరపకాయ, సున్నం అంటే గోడకు వేసేది, తాటి అంటే చెట్టు. హాస్టళ్లలో, బస్సుల్లో ఈ పేర్ల మీద ఎన్ని వెటకారాలు నడిచాయో మనలో చాలామంది విన్నవే. ఆ వెటకారం పడలేక ఇంటిపేరును పొడి అక్షరం వెనుకే దాచుకున్నవాళ్లూ ఉన్నారు. అప్పుడు హాజరుపట్టీలోని ఆ ఒక్క అక్షరం వాళ్లకు గొడుగైంది.

ఆ పేర్ల వెనుక ఉన్న ఏర్పాటు మాత్రం మనవాటికన్నా బిగువైనది. కోయవారి ఇంటిపేర్లన్నీ గట్లుగా పంచి ఉంటాయి: మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, ఆరో గట్టు, ఏడో గట్టు. ఒక గట్టులోని ఇంటిపేర్లు ఎన్ని ఉన్నా వాళ్లంతా అన్నదమ్ములే, పెళ్లి కుదరదు. పక్క గట్టువాళ్లు మేనరికపు వాళ్లు. ఆదిలాబాద్ గోండుల్లోనూ ఇదే అమరిక, నాలుగు, ఐదు, ఆరు, ఏడు వేల్పుల వారు అంటారు. వాళ్లూ తమను కోయితూర్ అనే చెప్పుకుంటారు, వీళ్ల మాట వాళ్ల మాటకు చెల్లెలు. మైదానంలో ఇంటిపేరు ‘ఎక్కడి నుంచి వచ్చావు’ అన్న ప్రశ్నకు జవాబు. అడవిలో అది ‘ఏ వేల్పు బిడ్డవు’ అన్న ప్రశ్నకు జవాబు. మేడారం జాతరలో ఇది కళ్లకు కడుతుంది. కన్నెపల్లి నుంచి సారలమ్మను తెచ్చేది కాక వారు, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజును తెచ్చేది పెనక వారు. ఇంటిపేరే ఒక బాధ్యత.

ఈ వంశాల కథ కాగితం మీద లేదని కొందరంటారు. కాగితం మీద లేకపోవడం నిజమే, గుడ్డ మీద ఉంది. ఒక్కో వంశానికి పడిగె అని బొమ్మలు కుట్టిన గుడ్డ ఉంటుంది. దాన్ని విప్పి, ఎవరు ఎవరికి పుట్టారో, ఏ వేల్పు ఎక్కడ వెలిసిందో డోలీలు పాడి చెబుతారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు ఆ కథలు కంచుమేళంతో కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కాలం చేశారు. ఇంగ్లండువాళ్లకు 1538 నుంచి చర్చి పుస్తకాలుంటే, మన పక్క అడవికి ఈ గొంతులున్నాయి. ఒక గొంతు ఆగిపోతే ఎన్ని పుటలు చిరిగినట్టో ఊహించుకోండి. భద్రాచలం దగ్గరి దుమ్ముగూడెంలో ఉన్న జాన్ కెయిన్ అనే మిషనరీ 1870లలో కోయల గురించి పత్రికలకు రాసిన వ్యాసాలు తర్వాతి ఇంగ్లీషు పుస్తకాలకు ఆధారమయ్యాయి. కానీ అవి బయటి మనిషి చెవికి వినిపించినంత మేరకే.

ఒక్క పేరు పట్టుకుని నడుద్దాం: సోడె. మన జిల్లాలో ఈ పేరు అందరికీ తెలిసింది భద్రాచలం నుంచి పార్లమెంటుకు వెళ్లిన సోడె రామయ్య గారి వల్ల. చింతూరు దాటి కుంట వైపు వెళితే అదే పేరు సోడి. ఒడిశాలో మల్కాన్‌గిరి నుంచి 2009లో శాసనసభకు గెలిచిన ముకుంద సోడి గారిదీ అదే. ఇంకాస్త పైకి దంతెవాడ వెళితే, ఆదివాసీ హక్కుల కోసం పోరాడిన సోనీ సోరి గారి పేరు పత్రికల్లో ఒకచోట సోడి, ఒకచోట సోరి. తప్పు ఎవరిదీ కాదు, లిపిది. హిందీలో డ కింద చుక్క పెట్టి రాసే అక్షరం ఒకటుంది. నాలుక మడిచి విదిలిస్తే వచ్చే ధ్వని అది. దాన్ని ఇంగ్లీషులోకి ఒకరు ‘డి’ అని దింపుతారు, ఒకరు ‘ఆర్’ అని దింపుతారు. ఛత్తీస్‌గఢ్ చివర మనం ‘ఢ’ పలుకుతూ ఇంగ్లీషులో ‘ఆర్’ రాయడం లేదా, అదే సంగతి. సోడె, సోడి, సోరి. మూడు రాష్ట్రాల గుమాస్తాలు ఒక ఇంటిని మూడు ఇళ్లు చేశారు.

కుంజా సంగతీ అంతే. భద్రాచలం నుంచి 1985, 1989, 1994లలో వరసగా గెలిచిన కుంజా బొజ్జి గారి పేరు చివర మకారం లేదు. కుంటలో మనీష్ కుంజాం గారి పేరుకు ఉంది. మన మడకం హిందీ రాతలో మడ్కమ్, ఒడిశాలో మడ్కామి. అక్కడి భాషకు చివర ‘ఇ’ ఉంటేగాని తృప్తి ఉండదేమో. కొమరం మరీ ఆశ్చర్యం. 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన భీమ్ పేరు మనం కొమరం, కొమురం, కుమ్రం అని మూడు తీర్లుగా చదువుకున్నాం. 2016లో జిల్లాకు పేరు పెట్టేటప్పుడు కుమురం అన్నారు. మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ వైపు అదే కుమ్రే. మన జిల్లా కోయ గూడేల్లో కొమరం వారు ఇప్పటికీ కొమరం వారే.

రాతలో ఇన్ని తేడాలు రావడానికి గోదావరి కూడా కారణం. సత్తుపల్లి, అశ్వారావుపేట, పాల్వంచ నైజాం కింద ఉన్నాయి, కచేరీ లెక్కలు ఉర్దూలో. ఉర్దూ రాతలో హ్రస్వాచ్చులు కనబడవు, చదివేవాడు ఊహించుకోవాలి. నది అవతల భద్రాచలం 1860లో నిజాం నుంచి ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు వారి గోదావరి జిల్లాలో కలిసింది. 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. 2022లో చింతూరు వైపు అల్లూరి జిల్లా అయింది. తెప్ప మీద అరగంటలో దాటే నదికి ఇటు అన్న పేరు ఉర్దూలో, అటు తమ్ముడి పేరు ఇంగ్లీషులో. వాళ్లు కదలలేదు, సరిహద్దులు వాళ్ల మీదుగా నడిచాయి.

ఇదంతా ముచ్చట కోసమే అయితే ఇంత రాయనక్కర్లేదు. 2005లో బస్తర్‌లో సల్వాజుడుం మొదలయ్యాక వేలమంది ప్రాణాలు చేతబట్టుకుని మన అడవుల్లోకి వచ్చారు. గొత్తికోయలంటున్నాం. వాళ్లు ఇక్కడి గూడెంలో అడుగుపెట్టి మొదట చెప్పుకున్నది ఇంటిపేరు. మడ్కం వారికి మడకం వారు అన్నదమ్ములయ్యారు. గట్టు చెబితే బంధుత్వం తేలిపోయింది. కానీ ఆఫీసు బల్ల దగ్గర అది తేలదు. అక్కడి కాగితం మీద ఒక అక్షరం, ఇక్కడి కాగితం మీద ఇంకో అక్షరం. గిరిజన ధ్రువపత్రం అడిగితే ‘మీరు ఇక్కడివాళ్లు కాదు’ అన్న జవాబు. గట్టు ఏ ఫారంలోనూ గడి కాదు మరి. బిడ్డను బడిలో చేర్చాలన్నా, ఆసుపత్రిలో పేరు రాయించాలన్నా మొదట అడ్డుపడేది ఆ ఒక్క అక్షరమే.

పోలవరం ముంపు మరో ముఖం. కుక్కునూరు, వేలేరుపాడు ఊళ్లు ఖాళీ చేసి కాలనీల్లోకి వెళ్లినవాళ్లలో రెండు రకాల ఇంటిపేర్లవాళ్లూ ఉన్నారు. మైదానపు పేరు ఊరిని గుర్తుపెట్టుకుంటుంది, ఊరు మునిగినా పేరులో మిగులుతుంది. కోయ పేరులో ఊరు లేదు. మునిగిన గూడెం పేరు ఆ ఇంటిపేరు చెప్పదు. దానికి బదులు వేల్పు వెంట వస్తుంది. కాలనీలో వేల్పుకు చోటు దొరికిందా లేదా అన్నది వాళ్లకు నష్టపరిహారం చెక్కు కన్నా చిన్న విషయం కాదు.

పొరుగు దేశాల మాట కూడా కొంచెం. భద్రాచలం ఇంగ్లీషువాళ్లకు పోయిన ఆ 1860లోనే, నవంబరు 16న, మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో ఓడ డర్బన్ చేరింది. చెరకు తోటల కూలీలుగా వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. రాసుకునే గుమాస్తాకు ఇంటిపేరు అంటే అర్థం కాలేదు. నాయుడు, రెడ్డి అన్న గౌరవ పదాలే ఇంటిపేర్లయి కూర్చున్నాయి. దక్షిణాఫ్రికాలో మండేలా మంత్రివర్గంలో పనిచేసిన జే నాయుడు గారి ఇంటిపేరు అలాంటిదే. ఊరు పోయింది, బిరుదు మిగిలింది. వందేళ్ల తర్వాత అమెరికా వెళ్లినవాళ్ల దగ్గర ఊరు మిగిలింది. 2013లో మిస్ అమెరికా కిరీటం గెలిచిన నీనా దావులూరి పేరు చివర ఆ ‘రి’ చూడండి. దావులూరు ‘దావులూరి’ అయిన ఔపవిభక్తికం, కిరీటం పెట్టుకుని అట్లాంటిక్ సిటీ వేదిక మీద నిలబడింది. అక్కడ ఎవరికీ అది షష్ఠీ విభక్తి అని తెలియదు. పాస్‌పోర్టు ఫారంలో ‘లాస్ట్ నేమ్’ గడిలో పొరపాటున సొంత పేరు రాసి, ఆ పేరే పిల్లలకు ఇంటిపేరుగా అంటగట్టుకున్నవాళ్లు మన బ్యాచ్‌మేట్లలోనే నలుగురైదుగురుంటారు. వాళ్ల మనవలు ఇంకో వందేళ్లకు తమ ఇంటిపేరు ఏ ఊరిదో వెతికితే, దొరికేది ఊరు కాదు, తాతగారే.

2009 నుంచి గిరిజనులకు కేటాయించిన అశ్వారావుపేట నియోజకవర్గంలో ఇప్పటిదాకా గెలిచిన నలుగురి ఇంటిపేర్లు వగ్గెల, తాటి, మెచ్చా, జారె. ఇవాళ పోస్టర్ల మీద, శిలాఫలకాల మీద ఆ పేర్లు నిండుగా రాస్తున్నారు. వెటకారం తగ్గింది. అటు మన పక్కనే, ముఖ్యమంత్రిగా చేసిన జలగం వెంగళరావు గారి పేరు పెట్టిన బొగ్గు గనిని మాత్రం అందరం ‘జెవిఆర్ ఓసీ’ అంటున్నాం. జలగం కాస్తా ‘జె’ అయిపోయింది.

సంఘం వారికి ఒక విన్నపం. ఈ సావనీర్‌ తర్వాత సభ్యుల డైరెక్టరీ వేస్తారని విన్నాను. అందులో పొడి అక్షరాలు వద్దు. ఇంటిపేరు పూర్తిగా, ఎవరింట్లో ఎలా పలుకుతారో అలా, తెలుగులో రాయించండి. మనతో చదివిన ఆడపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. పెళ్లయ్యాక వాళ్ల ఇంటిపేరు మారింది, ఊరు మారింది. పుట్టింటి పేరు బడి అడ్మిషన్ రిజిస్టర్‌లోనే మిగిలింది. రెండు పేర్లూ వేస్తే దొరకని స్నేహితురాళ్లు కొందరైనా దొరుకుతారు. పాత అడ్మిషన్ రిజిస్టర్లు కొన్ని చెదలు పట్టే దశలో ఉన్నాయని విన్నాను. హెడ్‌మాస్టారు గారు అనుమతిస్తే వాటిని ఫోటోలు తీసి భద్రపరిచే పనికి నావంతుగా ఒక స్కానరు, రెండు ఆదివారాలు ఇస్తాను. కోయ మిత్రులు ఇష్టమైతే తమ గట్టు కూడా రాయించవచ్చు. ఫారంలో దానికి ఒక గడి వేయండి.